పదేళ్లు దాటిన అంబులెన్సుకి రిపేరా, కొత్త బండా? విశాఖ నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇదీ. గాజువాక కేంద్రంగా మీ ట్రస్టు తొమ్మిది అంబులెన్సులు నడుపుతోంది. అందులో 2014 మోడల్ ఫోర్స్ ట్రావెలర్ వ్యాను ఒకటి 3 లక్షల 60 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజను ఓవర్‌హాల్, టింకరింగ్, పెయింటు అన్నీ కలిపి 4 లక్షల్లో కొత్తదానిలా చేసిస్తానని మెకానిక్ అంటున్నాడు. కొత్త బండికి 24 లక్షల కొటేషన్ వచ్చింది. రిపేరు చేయించాలా, మార్చాలా, మారిస్తే ఏమేం చూసుకోవాలి, పాతదాంట్లోంచి ఏం తీసుకోవచ్చు అని అడిగారు.

మార్చండి. ఆ 4 లక్షలు పాత బండి మీద పెట్టకండి. కొత్తది చేతికొచ్చేదాకా బ్రేకులు, టైర్లు, బ్యాటరీ, ఏసీ వరకు ఓ 50-60 వేలు పెట్టి నడపండి. ఎమర్జెన్సీ కాల్స్ నుంచి ఆ బండిని ఇప్పుడే తప్పించి, డిశ్చార్జి అయినవాళ్లని ఇంటికి దించే పనికి వాడండి. అది కూడా కింద చెప్పిన తుప్పు పరీక్షలో నెగ్గితేనే. కొత్త బండి వచ్చిన రోజే పాతదాన్ని పంపేయకండి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మార్చమనడానికి కారణం ఇంజను కాదు. ఇంజను రీబోరు చేయించవచ్చు, గేరుపెట్టె విప్పి బేరింగులు మార్చవచ్చు. ఆటోనగర్‌లో వారం పది రోజుల పని. విశాఖలో అంబులెన్సుని తినేసేది తుప్పు. బయటినుంచి ఉప్పుగాలి, లోపలినుంచి బ్లీచింగ్ నీళ్లు. బీచ్ రోడ్డు, భీమిలి, మల్కాపురం వైపు తిరిగే బండికి చాసిస్ అడుగున ఎప్పుడూ ఉప్పు తడి ఉంటుంది. పోర్టు వైపు దుమ్ము దానిమీద పేరుకుని ఆ తడిని ఆరనివ్వదు. లోపలేమో రోజుకి నాలుగైదు సార్లు నేల కడుగుతారు. రక్తం పడినచోట 1 శాతం సోడియం హైపోక్లోరైట్ పోసి పది నిమిషాలు ఉంచడం సరైన పద్ధతే. ఆ తర్వాత మంచినీళ్లతో తుడవడం దగ్గరే చాలాచోట్ల ఎగ్గొడతారు, ఎందుకంటే మరో కాల్ వచ్చేస్తుంది. ఆ క్లోరిన్ ఉప్పు అలాగే ఉండిపోయి సీటు పట్టాల్నీ బోల్టుల్నీ కొరుకుతుంది.

ఇది మీరే చూడొచ్చు. స్ట్రెచర్ బయటికి తీసేసి, దాని పట్టాల పక్కన వినైల్ షీటు అంచు పట్టుకుని పైకి లాగండి. పదేళ్ల బండిలో చాలాసార్లు కింద ప్లైవుడ్ నల్లగా, టీలో నానిన బిస్కట్టులా ఉంటుంది. వేలితో నొక్కితే నీరు ఊరుతుంది. స్ట్రెచర్ లాకుని పట్టి ఉంచే బోల్టు తలకి పానా వేసి తిప్పండి. కింద నట్టు కదలకుండా బోల్టు గట్టిగా ఆగిందా, పర్వాలేదు. నట్టు, వాషరు, చుట్టూ ఉన్న రేకుతో సహా తిరిగిందంటే ఆ స్ట్రెచర్ ఇన్నాళ్లూ దాని బరువుతోనే ఆగింది, బోల్టుతో కాదు.

దీన్ని ఇంత పట్టించుకోవడానికి ఒక లెక్క ఉంది. మన దేశంలో అంబులెన్సుల నిర్మాణ ప్రమాణం ఏఐఎస్-125. అందులో స్ట్రెచర్ బిగింపులు తట్టుకోవాల్సిన కుదుపు 10జీ, అంటే బరువుకి పదింతల లాగుడు. స్ట్రెచర్ 40 కిలోలు, మనిషి 80 కిలోలు అనుకుంటే 120 కిలోలు. పదింతలంటే 1,200 కిలోలు. కుళ్లిన ప్లైవుడ్‌కి, చిల్లులు పడ్డ రేకుకి అంత లాగుడు ఆపే శక్తి ఉండదు. ఢీకొన్న క్షణంలో పేషెంటు, స్ట్రెచర్, పక్కన కూర్చున్న ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు) అందరూ డ్రైవరు వెనక గోడ మీదికి వెళ్తారు.

తుప్పు పరీక్ష ఎలా చేయాలంటే: బండిని పిట్టు మీదికి ఎక్కించండి. చిన్న సుత్తి, పెద్ద స్క్రూడ్రైవరు, టార్చి చాలు. చాసిస్ పొడుగు దూలాలు రెండూ, వెనక చక్రాల పైన వచ్చే అడ్డ దూలాలు, కమాన్ కట్టలు వేలాడే బ్రాకెట్లు, స్ట్రెచర్ కింద, ఈఎంటీ సీటు బెల్టు బిగించినచోట, ఆక్సిజన్ సిలిండర్ల అడుగున, బ్యాటరీ ట్రే కింద ఒక్కో జానకి ఒక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ రండి. ఖంగుమంటే ఇనుము బాగుంది. డబ్బుమని మొద్దు శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయాయి. అక్కడ స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. ఎర్రపొడి రాలి కింద మెరిసే ఇనుము కనపడితే అది పైతుప్పే, వైరు బ్రష్ వేసి ప్రైమరు కొట్టుకోవచ్చు. మొన లోపలికి దిగిందంటే కథ అయిపోయింది. బ్రేకు గొట్టాలు క్లిప్పుల కింద ఎలా ఉన్నాయో క్లిప్పు విప్పి చూడండి, క్లిప్పు మీదనుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

బరువు మోసే చోట మొన దిగితే ప్యాచ్ వేయించకండి. మెకానిక్ చెప్పే టింకరింగ్ అంటే ఎక్కువగా ఇదే: పైనుంచి రేకు ముక్క వెల్డింగ్, దానిమీద పుట్టీ, ఆపైన పెయింటు. చూడటానికి అద్దంలా ఉంటుంది. కానీ తుప్పు పెట్టె దూలం లోపలినుంచి వచ్చింది, అక్కడికి బ్రష్షూ ప్రైమరూ పోవు. పైగా వెల్డింగ్ వేడికి చుట్టూ ఉన్న పాత పూత కాలిపోతుంది. ఒక్క వానాకాలం గడిచేసరికి వెల్డు అంచు పక్కనే మళ్లీ విచ్చుకుంటుంది, ఈసారి పుట్టీ కింద కనపడకుండా. ఇలాంటి చిల్లు దొరికిన బండిలో డిశ్చార్జి పేషెంట్లని కూడా ఎక్కించకండి.

ఇంజను సంగతి కూడా ఓడోమీటరు చూసి తేల్చొద్దు. అంబులెన్సు ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజను నడుస్తూనే ఉంటుంది: ఆసుపత్రి గుమ్మం దగ్గర, ప్రమాద స్థలంలో, ఏసీ కోసం స్టాండులో. ఫ్లీట్ నడిపేవాళ్లు వాడే మోటు లెక్క ప్రకారం గంట ఐడ్లింగ్ అంటే 40-50 కిలోమీటర్ల అరుగుదల. రోజుకి నాలుగు గంటలు అనుకున్నా పదేళ్లకి 14,600 గంటలు. గంటకి 40 చొప్పున వేస్తే 5 లక్షల 84 వేలు. మీటరులో 3.6 లక్షలున్న మీ ఇంజను నిజంగా చేసిన పని 9 లక్షల కిలోమీటర్లకు పైమాటే. ఓవర్‌హాల్‌లో పిస్టన్లు, రింగులు, బేరింగులు మారతాయి. టర్బో, పంపు, ఇంజెక్టర్లు, రేడియేటరు, వైరింగు పాతవే ఉంటాయి. కొత్త కంప్రెషన్ వచ్చాక బలహీనంగా ఉన్నవి ఒక్కొక్కటీ బయటపడతాయి.

డబ్బు లెక్క కూడా వేసి మీ ట్రస్టీలకు చూపించండి. 4 లక్షలు పెట్టిన పాత బండి బాగా నడిస్తే మరో ఏడాదిన్నర. నెలకి 22 వేలు పైన. 24 లక్షల బండిని ఎనిమిదేళ్లు నడిపితే నెలకి 25 వేలు. అప్పు మీద కొంటే వడ్డీ అదనం, అది నిజమే. కానీ పాతదాని 22 వేలల్లో నెలనెలా వచ్చే రిపేర్లు లేవు, షెడ్డులో పడి ఉన్న రోజులూ లేవు.

ఆ షెడ్డు రోజులే అసలు కొలత. ప్రతి బండికీ ఒక రిజిస్టరు పెట్టి నాలుగే అంకెలు రాయించండి: నెలలో షెడ్డులో ఉన్న రోజులు, దారిలో ఆగిపోయిన సార్లు, ఇంజను గంటలు, విడిభాగాల ఖర్చు. నేను పెట్టుకునే గీత ఇది: వరసగా మూడు నెలలు, నెలకి మూడు రోజులకు మించి షెడ్డులో ఉంటే, లేదా పేషెంటు లోపల ఉండగా ఏడాదిలో రెండుసార్లు ఆగిపోతే ఆ బండి ముందు వరసలో ఉండకూడదు. వయసు ఎంతైనా సరే.

రిపేరు చేయించడమే సరైన సందర్భాలు లేకపోలేదు. బండి వయసు ఐదారేళ్ల లోపు, చాసిస్ ఖంగుమంటోంది, పోయింది గేరుపెట్టో టర్బోనో అయితే నిశ్చింతగా చేయించండి. పూర్తి బండి ధరలో ఐదో వంతు దాటనంతవరకు అది మంచి ఖర్చే. ఇంకో విషయం, 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ, మున్సిపల్, ప్రభుత్వరంగ సంస్థల వాహనాలకు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, తుక్కుకే పోవాలి. మీది ట్రస్టు కాబట్టి, పైగా 2014 మోడల్ కాబట్టి ఆ నియమం మిమ్మల్ని తోయదు. కానీ చట్టం తోయలేదు కదా అని ఆగకండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ పరీక్షలో స్ట్రెచర్ కింది ప్లైవుడ్‌ని ఎవరూ ఎత్తి చూడరు.

ఇక కొత్త బండి. ఏఐఎస్-125లో నాలుగు రకాలున్నాయి. ఏ అంటే ముందుగా చేరే ఫస్ట్ రెస్పాండర్ వాహనం, బి పేషెంట్ రవాణా, సి బేసిక్ లైఫ్ సపోర్ట్, డి అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. తొమ్మిదింటిలో అన్నీ డి రకం అక్కర్లేదు. వెంటిలేటరు నడపగల మనిషి షిఫ్టులో లేకపోతే డి రకం కొనడం డబ్బుని తాళం వేసి దాచడమే. మీ కాల్ రిజిస్టరు తీసి ఏడాదిలో ఎన్ని వెంటిలేటరు షిఫ్టింగులు ఉన్నాయో లెక్కపెట్టండి. వారానికి రెండు మూడు దాటకపోతే రెండు డి, మిగతావి సి సరిపోతాయి.

బండి పొడవు విషయంలో ఊరిని చూసి కొనండి. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల సందులు, కంచరపాలెం లోపలి వీధులు, ఆరిలోవ కొండవాలు కాలనీలు పొడుగు బండిని తిప్పనివ్వవు. గాజువాక నుంచి కేజీహెచ్‌కీ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), హనుమంతవాక దగ్గరి విమ్స్ ఆసుపత్రికీ వెళ్లే హైవే పనికి పొడుగుదైనా ఇబ్బంది లేదు. డెమో బండిని షోరూమ్ చుట్టూ తిప్పి చూడటం కాదు, మీ పైలట్ (అంబులెన్సు డ్రైవరు) చేత మీకు కష్టమైన మూడు సందుల్లో తిప్పించండి. ట్రావెలర్‌కి వెనక చక్రాల డ్రైవ్. టాటా వింగర్‌కి ముందు చక్రాల డ్రైవ్, కాబట్టి నేల మధ్యలో షాఫ్టు గొడవ లేదు, లోపలి నేల కాస్త కిందికి ఉంటుంది, స్ట్రెచర్ ఎక్కించేవాళ్ల నడుముకి సుఖం. కానీ నిండు బరువుతో తడి ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోతుంది, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. కొండవాలు కాల్స్ ఎక్కువైతే వెనక చక్రాల డ్రైవ్, చదునైన ఊరి తిరుగుడైతే తక్కువ నేల.

బీఎస్-6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) డీజిలు బండితో ఒక కొత్త అలవాటు నేర్చుకోవాలి. పాత బండికి లేని డీపీఎఫ్ అనే మసి వడపోత దీనికి ఉంటుంది. అందులో చేరిన మసిని బండి తనే కాల్చుకుంటుంది, కానీ అందుకు సైలెన్సరు బాగా వేడెక్కాలి. రోజంతా ఐడ్లింగ్‌లో, కిలోమీటరు రెండు కిలోమీటర్ల కాల్స్‌లో తిరిగే బండికి ఆ వేడి రాదు. డాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలుగుతుంది, పైలట్ పట్టించుకోడు, నాలుగు రోజులకి పవర్ పడిపోతుంది, బండి నలభై మీద కదలదు. మసి కాల్చుకోవడం ఇలా సగంసగంలో ఆగిపోతుంటే డీజిలు ఇంజనాయిల్లోకి దిగుతుంది కూడా. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకుండా పెరుగుతుంటే అనుమానించండి. మందు తేలికే: వారానికి రెండుసార్లు, షిఫ్టు మారే వేళ, హైవే మీద ఆనందపురం వైపు 50-60 వేగంతో 25 నిమిషాలు ఆపకుండా తిప్పించండి. దీపం వెలిగాక మధ్యలో ఇంజను ఆపొద్దని పైలట్లందరికీ రాతపూర్వకంగా చెప్పండి. మీరు కొనే మోడల్‌కి యాడ్‌బ్లూ (పొగలో కాలుష్యాన్ని తగ్గించే యూరియా ద్రావణం) అవసరమైతే దాన్ని డీజిలు లెక్కతో పాటే రాయించండి. అది పూర్తిగా అయిపోతే ఇంజను పవర్ తగ్గించేస్తుంది, కొన్నిట్లో ఆపాక మళ్లీ స్టార్టు కానివ్వదు.

అంబులెన్సు ఇంజను వల్లే కాదు, కరెంటు వల్ల కూడా ఆగుతుంది. అందుకే ఈ లెక్క ఆర్డరు ఇవ్వకముందే కూర్చుని వేయండి. సక్షన్, మానిటరు, రెండు సిరింజి పంపులు, వెంటిలేటరు కలిపి 230 వోల్టుల వైపు 400 వాట్లు అనుకుందాం. ఇన్వర్టరు నష్టం పోను బ్యాటరీ నుంచి లాగేది దాదాపు 38 ఆంపియర్లు. వెనక ఏసీ బ్లోయరు, కండెన్సరు ఫ్యాన్లు కలిపి 40-45. పైదీపాలు, లోపలి దీపాలు, సైరను 15. హెడ్‌లైట్లు, ఇంజను సొంత అవసరాలు 25. మొత్తం 120 ఆంపియర్ల చిల్లర. మామూలు వ్యానుకి వచ్చే 90 ఆంపియర్ల డైనమో పూర్తి వేగంలో కూడా చాలదు. ఐడ్లింగ్‌లో అది ఇచ్చేది దాదాపు సగమే. లోటంతా బ్యాటరీ భరిస్తుంది. కేజీహెచ్ గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడి, పేషెంటుని దించి, బయల్దేరబోతే సెల్ఫ్ తిరగదు.

కాబట్టి ఆర్డరులో రాయించాల్సినవి: పెద్ద డైనమో, 120 ఆంపియర్లకు తగ్గకుండా, డి రకానికి ఇంకా పైన. పరికరాలకి విడిగా 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) రెండో బ్యాటరీ, రెండిటి మధ్య ఆటోమేటిక్ ఐసొలేటరు, పరికరాలు ఎంత లాగినా సెల్ఫ్ బ్యాటరీ ఖాళీ కాకుండా. ఇన్వర్టరు ప్యూర్ సైన్‌వేవ్ రకమే, 1,000 వాట్లు. చవకరకం ఇన్వర్టరుతో కొన్ని మానిటర్లలో ఈసీజీ గీత వణుకుతుంది, ఛార్జర్లు వేడెక్కుతాయి. 1,000 వాట్ల ఇన్వర్టరు నిండుగా లాగితే 90 ఆంపియర్లు దాటుతుంది, కాబట్టి కేబులు 25 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగిది, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు. స్టాండులో ఉన్నప్పుడు గోడ ప్లగ్గు నుంచి ఛార్జి చేసుకునే సాకెట్టు బయటివైపు పెట్టించండి. అది ఉంటే స్టాండులో ఇంజను ఆపేయొచ్చు, డీపీఎఫ్ బాధ కూడా సగం తగ్గుతుంది.

ఆక్సిజన్ దగ్గర కూడా కంటి అంచనా వద్దు. బి టైపు సిలిండరులో (ఇక్కడ బి, డి అన్నవి సిలిండరు సైజులు, బండి రకాలు కావు) సుమారు 1,500 లీటర్లు. అడుగున 200 వదిలేస్తే వాడుకోగలిగేది 1,300. నిమిషానికి 10 లీటర్లయితే 130 నిమిషాలు, రిజర్వాయర్ మాస్కుతో 15 లీటర్లయితే 86 నిమిషాలు. ఊరిలో ఒక కాల్‌కి ఇది చాలు. అరకు, పాడేరు నుంచి కేజీహెచ్‌కి తెచ్చే షిఫ్టింగ్‌కి చాలదు, ఘాట్ దిగి ట్రాఫిక్ దాటి వచ్చేసరికి మూడు గంటలు దాటిపోతుంది. డి టైపు సిలిండరులో సుమారు 7,000 లీటర్లు ఉంటాయి, అదే 15 లీటర్ల మీద ఏడు గంటలకు పైగా వస్తుంది. నిండుది ఒక్కోటి 60 కిలోలు దాటుతుంది కాబట్టి పట్టీలు రేకుకి కాదు, అడ్డ దూలానికి బిగించాలి. స్పేరుగా మోసే చిన్న సిలిండరుకి రెగ్యులేటరు బిగింపు పిన్ ఇండెక్స్ రకమా, బుల్ నోజ్ రకమా చూసుకోండి. రెండు రకాలూ తిరుగుతున్నాయి, ఒకదానికి ఒకటి పట్టదు. ఆ విషయం కాల్‌లో తెలియకూడదు.

సిలిండరు భుజం మీద గుద్దిన హైడ్రో టెస్టు (నీటి పీడన పరీక్ష) తేదీ చదవండి, ఐదేళ్లు దాటితే నింపించకూడదు. లైను పరీక్షకి సిలిండరు తెరిచి, లైను నిండాక సిలిండరు వాల్వు మూసి, ఫ్లో మీటర్లన్నీ మూసి పావుగంట ఆగండి. ముల్లు కదిలితే లీకు ఉన్నట్టే. జాయింట్లకి సబ్బునురగ రాసి వెతకండి. గ్రీజు, నూనె చేతులతో ఆ జాయింట్లు ముట్టుకోనివ్వకండి, అధిక పీడనంలో ఆక్సిజన్ తగిలితే నూనె తనే అంటుకుంటుంది.

నేల, తుప్పు విషయాల్లో విశాఖకి తగ్గట్టు ఫ్యాబ్రికేటరుకి విడిగా చెప్పాలి, లేకపోతే అందరికీ చేసినట్టే చేస్తాడు. వినైల్ షీటు ఒకే ముక్క, గోడల మీదికి నాలుగంగుళాలు మడత పెట్టి, అతుకులు వేడితో కరిగించి అతికించినది కావాలి. మూలల్లో అల్యూమినియం బీడింగ్ స్క్రూలు వద్దు, నీళ్లు దిగేది అక్కడినుంచే. స్ట్రెచర్ బోల్టుల కింద వెడల్పు ఇనుప పలక ఉందో లేదో కిందినుంచి చూసి ఫోటో తీసుకోండి. అల్యూమినియం మీద స్టీలు బోల్టు వేసినచోట మధ్యలో నైలాన్ వాషరు ఉండాలి, ఉప్పు తడి తగిలితే ఆ జత బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. పెట్టె దూలాల లోపలికి మైనపు స్ప్రే, అడుగున రబ్బరు పూత, రెండూ బండి కొత్తగా, పొడిగా ఉన్నప్పుడే కొట్టించండి. నీళ్లు కారే రంధ్రాలు ఆ పూతతో మూసుకుపోకుండా పక్కన నిలబడి చూడండి. ఇక ఆ తర్వాత వారానికోసారి అడుగుభాగం మంచినీళ్ల పైపుతో కడగడం. ఇంతకంటే చవకైన తుప్పు మందు లేదు.

డెలివరీ తీసుకునే రోజు కొబ్బరికాయ కొట్టకముందు ఒక పూట పరీక్షలకి కేటాయించండి. పైకప్పు మీద, ఏసీ పెట్టె చుట్టూ, దీపాల స్క్రూల మీద పావుగంట పైపుతో నీళ్లు పట్టి లోపల పొడి గుడ్డతో ఒత్తి చూడండి. మధ్యాహ్నం ఎండలో తలుపులు మూసి గంట ఉంచి, ఐడ్లింగ్‌లోనే ఏసీ వేయండి. ఇరవై నిమిషాల్లో పేషెంటు తల దగ్గర 26-27 డిగ్రీలకు దిగాలి. ముందు సీట్లో చల్లగా ఉండి వెనక ఉక్కపోస్తే ఆ బండి విశాఖ మే నెలకి పనికిరాదు. స్ట్రెచర్ మీద 80 కిలోల ఇసుక బస్తాలు పెట్టి మీ సిబ్బందిలో పొట్టివాళ్లిద్దరి చేత పదిసార్లు ఎక్కించి దింపించండి. అన్ని పరికరాలూ వేసి గంటసేపు ఐడ్లింగ్‌లో ఉంచి రెండు బ్యాటరీల వోల్టేజి రాసుకోండి. 13 వోల్టుల కిందికి జారుతుంటే డైనమో చాలడం లేదు. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ చదవండి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఆఖరున సిలిండర్లు, పరికరాలు, సిబ్బందితో సహా వేబ్రిడ్జి ఎక్కించి చీటీ ఫైల్లో పెట్టుకోండి. సామాన్లు నింపాక అనుమతించిన బరువు దాటే బండ్లు ఎన్నో ఉంటాయి, బ్రేకులు త్వరగా అరిగిపోవడానికి అదీ ఒక కారణం.

కాగితాల్లో ఫారం 20, 21, 22 మామూలే. బాడీ వేరే ఫ్యాబ్రికేటరు కట్టినదైతే ఫారం 22ఏ కూడా అడగండి. ఏఐఎస్-125 టైప్ అప్రూవల్ లేకుండా డెలివరీ వ్యానుకి స్ట్రెచర్ వేసి అంబులెన్సు అని అమ్మేవాళ్లుంటారు, రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కుంటారు. అంబులెన్సుకి పర్మిట్ అక్కర్లేదు, ఫిట్‌నెస్ కావాలి. ఇన్సూరెన్సులో లోపలి పరికరాల విలువ విడిగా రాయించండి, లేకపోతే ప్రమాదంలో వ్యాను డబ్బే వస్తుంది.

పాతదాంట్లోంచి ఏం తీసుకోవచ్చు అని అడిగారు. స్కూప్ స్ట్రెచర్, స్పైన్ బోర్డు, పగుళ్లు లేకపోతే తీసుకోండి. డీఫిబ్రిలేటరు, మానిటరు, సిరింజి పంపులు బయోమెడికల్ వాళ్ల చేత క్యాలిబ్రేషన్ చేయించి, బ్యాటరీలు మార్చి తీసుకోండి. డీఫిబ్ ప్యాడ్ల గడువు తేదీ చూడండి. ప్రధాన స్ట్రెచర్, దాని లాకు, సీటు బెల్టులు, ఆక్సిజన్ గొట్టాలు, రెగ్యులేటర్లు, ఇన్వర్టరు తీసుకోవద్దు. ముఖ్యంగా స్ట్రెచర్, లాకు ఒకే కంపెనీ జతగా ఉండాలి. పాత స్ట్రెచర్ కొత్త లాకులో కూర్చున్నట్టే కనపడి, కుదుపుకి ఎగిరి బయటికొస్తుంది.

కొత్త బండి వచ్చాక పాతది మరో రెండు వారాలు స్టాండులోనే ఉండాలి. చాసిస్ పరీక్షలో నెగ్గిన బండి సంగతి ఇది. నెగ్గకపోతే ఆ రెండు వారాలకి మీ మిగతా ఎనిమిదిలో ఒకదాన్ని పక్కన నిలపండి. మొదటి వారాల్లోనే వదులైన టెర్మినళ్లు, పట్టని తలుపులు, తడిసే మూలలు బయటపడతాయి. సిబ్బంది చేతికి కొత్త బండి అలవాటు కావాలి కూడా. సక్షన్ క్యాథటరు ఏ అరలో ఉందో ఈఎంటీ చూడకుండా తీయగలగాలి. దీనికి మంచి ఉపాయం, తొమ్మిది బండ్లలోనూ అరల వరస ఒకటే ఉంచడం. తల వైపు కుడి అర ఎయిర్‌వే సామాను అంటే అన్ని బండ్లలోనూ అదే. కొత్తదాన్ని మొదటి నాలుగు రోజులు పగటి షిఫ్టులో, తేలిక కాల్స్‌కి పంపండి.

నగరంలో స్పేరు బండి విలువ 2020 మే 7 వేకువన అందరికీ తెలిసింది. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి లీకైనప్పుడు ఒకేసారి వందల మందిని ఆసుపత్రులకు చేర్చాల్సి వచ్చింది. రిఫైనరీ, ఫార్మా సిటీ, స్టీలు ప్లాంటు చుట్టూ బతికే ఊరిది. తొమ్మిదింటికి కనీసం ఒకటి, ఇంధనం, ఆక్సిజన్ నింపి, తాళం స్టాండులోనే ఉండేలా స్పేరు ఉంచుకోండి.

మీ మిగతా ఎనిమిదిలో ఎన్ని ఒకే ఏడాది కొన్నవో చూడండి. ఒకేసారి కొన్న బండ్లు ఒకేసారి ముసలివవుతాయి. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్ నుంచి రాష్ట్రవ్యాప్తంగా 108, 104 వాహనాలు 1,088 ఒకేరోజు రోడ్డెక్కాయి. అంత పెద్ద ఫ్లీట్‌కి అది తప్పకపోవచ్చు, తొమ్మిది బండ్ల ట్రస్టుకి మాత్రం ఆ భారం వద్దు. ఏడెనిమిదేళ్లకి తిరిగేలా ఏడాదికి ఒకటి, ఒక్కో ఏడాది రెండు మార్చేలా ఇప్పుడే పట్టీ రాసుకుని నిధి పక్కన పెట్టండి. ఆర్డరు నుంచి రోడ్డెక్కేవరకు, టెండరు, బాడీ పని, రిజిస్ట్రేషన్ కలిపి ఆరేడు నెలలు తీసేసుకుంటుంది. అందుకే పాతది పడిపోయే ఏడాది ముందే మొదలుపెట్టాలి.

చివరికి పాత బండిని పంపేటప్పుడు అలాగే అమ్మకండి. సైరను, నీలం-ఎరుపు దీపాలు, అంబులెన్సు అక్షరాలు, ప్రతిఫలించే స్టిక్కర్లు గీకి తీసేయండి. వాటితోనే బయటికి పోతే ఆ బండిని ఎవడు దేనికి వాడినా అడిగేవాడుండడు. ట్రాకింగ్ పరికరం, వైర్‌లెస్ సెట్టు, టోల్ మినహాయింపు ఫాస్టాగ్ తీసి రద్దు చేయించండి. చాసిస్‌లో చిల్లు దొరికిన బండిని ఇంకొకరికి వ్యానుగా కూడా అమ్మకుండా రిజిస్టర్డ్ తుక్కు కేంద్రానికే ఇవ్వండి. వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్, చాసిస్ నంబరు పలక తీసేసినట్టు ఫోటో, ఆర్సీ రద్దు కాగితం మూడూ చేతికొచ్చేదాకా ఆ బండి ఫైలు మూయకండి. పిట్టు మీద ఎక్కించినప్పుడు స్ట్రెచర్ కింద, కమాన్ బ్రాకెట్ల దగ్గర తీసిన ఫోటోలు ఇక్కడే పెడితే ఆ బండిని కొత్తది వచ్చేదాకా పేషెంట్లతో నడపొచ్చో లేదో చూసి చెప్తాను.